ప్రశ్నలన్నీ వాళ్లకేనా?

ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషిని మనం అడగని ప్రశ్నంటూ మిగల్లేదు. ఏ ఊరు? ఇల్లెందుకు వదిలావు? తాగుతావా? పిల్లలు చూడట్లేదా? రోజుకెంత వస్తుంది, అందులో గుట్కాకి ఎంత పోతుంది? కాలేజీ ప్రాజెక్టు పిల్లలు అడుగుతారు, ఎన్జీవోలు అడుగుతాయి, కార్పొరేషన్ సర్వే వాళ్లు అడుగుతారు, లాఠీతో తట్టి లేపిన కానిస్టేబులూ అవే అడుగుతాడు. ఆ ఫారాలన్నీ ఒకచోట పెట్టి చదవండి. నిలువ నీడ లేకపోవడం ఆ మనిషి చేసిన నేరమైనట్టూ, మనమంతా దర్యాప్తుకి దిగినట్టూ ఉంటుంది. దీనికి సామాజిక పరిశోధన అని పేరు.

దర్యాప్తు చేయాల్సిన చోటు వేరే ఉంది. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్, ఒక్కోదానిలో కనీసం 100 మందికి చోటు, ఏడాది పొడవునా తెరిచి ఉండాలి. ఢిల్లీ పూసా రోడ్డులో నిలువ నీడ లేనివాళ్లు తలదాచుకున్న గుడారాన్ని నడిచలికాలంలో కార్పొరేషనే పీకేస్తే, ఆ మీదట వచ్చిన ఆదేశాలివి. 2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) జనాభా 67 లక్షలు. అంటే 67 షెల్టర్లు. అందులో సగం కూడా ఏనాడూ తెరుచుకోలేదు. ఎందుకు తెరవలేదని ప్రశ్నపత్రం పట్టుకుని ఏ కమిషనర్ గుమ్మం ముందైనా నిలబడిన పరిశోధకులు ఎంతమంది? కమిషనర్ అపాయింట్‌మెంట్ దొరకదు. ఫుట్‌పాత్ మీది మనిషికి తలుపే లేదు, ఎవడైనా ఎప్పుడైనా వెళ్లి లేపొచ్చు. పరిశోధన అటే పోవడానికి అసలు కారణం ఇంతే.

ఇక జనగణన లెక్క. 2011 ఫిబ్రవరి 28 రాత్రి, ఒకే ఒక్క రాత్రి, దేశమంతా ఎన్యూమరేటర్లు రోడ్ల మీదా, ప్లాట్‌ఫారాల మీదా, ఫ్లైఓవర్ల కిందా తిరిగారు. తేలింది 17.73 లక్షల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షలు. పల్లెల్లో సంఖ్య తగ్గింది, పట్టణాల్లో మాత్రం పదేళ్లలో 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. 2021లో జరగాల్సిన జనగణన జరగనే లేదు. పోనీ ఆ పాత అంకెనైనా నమ్మొచ్చా? ఒంటరి ఆడమనిషి రాత్రి రోడ్డు మీద వెలుతురులో పడుకోదు. ఆస్పత్రి మెట్ల చాటునో, గుడి గోడ వెనకో ఒదిగి కూర్చుని తెల్లవార్లూ మేలుకుంటుంది, పగలు కునుకు తీస్తుంది. రాత్రిపూట మగవాడి కంట పడకపోవడమే ఆమెకున్న రక్షణ. ఎన్యూమరేటర్ కంటా పడదు. ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్లే లెక్కలోంచి జారిపోతారు.

షెల్టర్ ఉన్నా వీళ్లే రారని అధికారులంటారు. ఎందుకొస్తారు? తెల్లారి ఐదింటికల్లా అడ్డా మీద లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే, అందుకే అడ్డా పక్కనే నిద్ర. మన పెళ్లిలో పప్పు వడ్డించిన కుర్రాడు ఎంగిలి విస్తళ్లు ఎత్తి, గుండిగలు తోమి బయటపడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. బస్సుండదు. ఫంక్షన్ హాలు అరుగే వాడి పడక. ఊరవతల ఎక్కడో షెల్టర్ కట్టి, మగవాళ్లను ఇటు, ఆడవాళ్లను అటు అని విడదీసి, మూటాముల్లె లోపలికి తేవొద్దంటే, మొగుడూ పెళ్లాలు కాపురం గేటు బయట వదిలేసి రావాలా? ఉస్మానియా, నిలోఫర్ ఆస్పత్రుల ముందు దుప్పటి పరుచుకున్న వాళ్లను సోమరులంటారా? వార్డులో వాళ్ల మనిషి సెలైన్ బాటిల్ కింద పడున్నాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం మనకుంది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ హాజరైన పారిశ్రామికవేత్తల సదస్సు కోసం హైదరాబాద్ పోలీసులు రెండు నెలలు భిక్షాటన నిషేధించారు. పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆనక ఆచూకీ చెప్పినవాళ్లకు జైళ్ల శాఖ 500 రూపాయల బహుమతి కూడా ప్రకటించింది. మనిషిని పట్టిస్తే ఐదొందలు! అదే ఉత్సాహంతో ఒక గది వెతికి ఇచ్చిన శాఖ ఏదైనా ఉందా? 2025 ఫిబ్రవరిలో, షెల్టర్ల మీదే నడుస్తున్న మరో కేసులో, ఉచితాలిచ్చి పరాన్నజీవుల తరగతిని తయారు చేయడం లేదా అని సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రశ్నించింది. 2010 నాటి సొంత ఆదేశాలు ఏమయ్యాయో ముందు కనుక్కోవాల్సిన కోర్టు అది.

సర్కారు ఇల్లు రావాలంటే రేషన్ కార్డు, కార్డు రావాలంటే చిరునామా, చిరునామా కావాలంటే ఇల్లు. కాగితం లేని మనిషిని నమ్మడం ప్రభుత్వానికి రాదనుకుంటే పొరపాటు. ఓటరు నమోదుకి నిలువ నీడ లేని మనిషి చిరునామా కాగితం చూపక్కర్లేదు. ఎన్నికల సంఘం నియమం ప్రకారం బూత్ అధికారి ఒకటికి మించిన రాత్రులు వచ్చి, అక్కడే పడుకుంటున్నాడని కళ్లారా చూసి నిర్ధారించుకుంటే చాలు. ఓటుకి చెల్లిన సాక్ష్యం కప్పుకి ఎందుకు చెల్లదు?

పరిశోధన దండగ అనడం లేదు. న్యూయార్క్‌లో 1992లో మనస్తత్వవేత్త సామ్ సెంబెరిస్ తాగుడు మానాకే ఇల్లు, మందులు మింగాకే ఇల్లు అనే షరతులు తీసేసి ముందు తాళం చెవి చేతికిచ్చాడు. అలా ఇల్లు అందినవాళ్లలో ఎక్కువమంది ఆ ఇంట్లోనే నిలిచారని పరిశీలనలో తేలింది. ఫిన్లాండ్ 2008 నుంచి అదే దారి పట్టి షెల్టర్లనే ఫ్లాట్లుగా మార్చింది. అక్కడ పరీక్షకు పెట్టింది పేదవాడి నడవడిని కాదు, ప్రభుత్వం పెట్టిన షరతుల్ని. మన దగ్గర ఇంకా పేదవాడి గుట్కా ఖర్చు దగ్గరే ఆగాం.

2027 జనగణన ముందుంది. మళ్లీ ఒక్క రాత్రి లెక్కకు జనాన్ని లేపే ముందు ప్రతి కార్పొరేషన్ తన నోటీసు బోర్డు మీద వార్డుల వారీగా రాసి పెట్టాలి: ఉండాల్సిన షెల్టర్లు ఎన్ని, ఉన్నవి ఎన్ని, వాటిలో పడకలెన్ని, వచ్చిన డబ్బెంత, మిగిల్చిందెంత, ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది. హోదా ఒక్కటే సరిపోదు, ఆ అధికారి పేరు కూడా ఉండాలి. విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్ శాఖలు ఈ ఏడాది పిల్లల్ని ఫీల్డ్‌వర్క్‌కి పంపాల్సింది అక్కడికే, ఆఫీసు వేళల్లో.