వేగం కాదు, తెగని లైను కావాలి

ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోమని వచ్చేవారు మొదట చెప్పేది వేగం గురించే. 50 ఎంబీపీఎస్, 100 ఎంబీపీఎస్ అంటారు. లైను తెగితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో మాత్రం చెప్పరు. రైతు అడగాల్సింది ఈ రెండో లెక్కే.

కాలువకు ఒకరోజు వరదలా నీళ్లొదిలి పది రోజులు ఎండగడితే చివరి భూముల్లో పంట పండదు. సన్నగానైనా వంతు తప్పకుండా పారాలి. ఇంటర్నెట్ కూడా అంతే. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగాన్ని కేంద్రం 2023లో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. పీఎం కిసాన్ ఈకేవైసీకి, మార్కెట్ ధరలు చూడటానికి, సీసీఐకి పత్తి అమ్మేందుకు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయడానికి ఆ 2 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. ఓటీపీ కొట్టే సమయానికి లైను తెగితే 100 ఎంబీపీఎస్ ఉన్నా మళ్లీ మొదటికే. ఈలోపు స్లాట్లు అయిపోతే పత్తి ఇంట్లోనే ఉంటుంది, లేదా దళారి చెప్పిన ధరకు పోతుంది.

పాత రాగి టెలిఫోన్ లైన్లలో వేగం ఎక్కువ లాగేకొద్దీ లైను ఊరికే తెగేది. కాస్త వేగం తగ్గిస్తే నిలబడేది. ఫైబర్‌కు ఆ చిక్కు లేదు, కానీ వేరే చిక్కులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వేశారు. గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు ఇంటర్నెట్టూ పోతుంది. ఊళ్లోని పరికరానికి బ్యాటరీ లేకపోతే, తీగ బాగానే ఉన్నా కరెంటు కోతతోనే లైను ఆగుతుంది.

మన ఇంట్లో చేసుకోగలిగినవి రెండు. రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపాలి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటితే బలహీనపడుతుంది. అవతలి గదిలో వాడేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పెట్టుకోవడం మేలు.

మిగతాది పోరాడి సాధించుకోవాల్సిందే. ప్రతి పంచాయతీలోని ఫైబర్ పరికరానికి బ్యాటరీ పెట్టాలి. మరమ్మతు గడువును కనెక్షన్ కాగితం మీదే రాసివ్వాలి. లైను పనిచేయని రోజులకు బిల్లు తగ్గించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటర్నెట్ లేని రోజుల్లో గడువులు పొడిగించాలి, కాగితం మీద దరఖాస్తులు తీసుకోవాలి.

వేగం వద్దని కాదు. పిల్లల చదువుకు, నలుగురూ ఒకేసారి వాడుకోవడానికి అదీ కావాలి. కానీ ముందు లైను నిలబడాలి. పథకాలన్నీ ఆన్‌లైన్‌లోకి మార్చిన ప్రభుత్వానిదే ఆ బాధ్యత. తెగిన తీగకు రైతు ఎందుకు నష్టపోవాలి?