పడుకునే సంచికీ ఒక కొలత ఉంటుంది

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నాతోపాటు ఈ హాస్టల్ అన్నం తిన్న మిత్రులారా!

వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవారు చాలామంది ఉంటారు. నేను పడక గురించి రాస్తున్నాను. నవ్వకండి. చలికొండల్లో రాత్రిపూట మనిషిని కాపాడేది పడకే.

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మన పిల్లలు కొండలెక్కలేరనే మాట ఆ రోజుతో పోయింది. అయితే కొండకు వెళ్లే పిల్లల చేతికి ఇచ్చే స్లీపింగ్ బ్యాగ్ వాళ్లకు సరిపోతుందా అని అడిగేవారు ఇప్పటికీ తక్కువే.

నా అనుభవం చెబుతాను. ఇంటర్ చదివే రోజుల్లో, 2008 డిసెంబరులో, హిమాచల్ ప్రదేశ్‌లో ఒక శిక్షణ శిబిరానికి వెళ్లాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నాకిచ్చిన బ్యాగ్ ఆరడుగుల మనిషిది. జిప్పు వేసుకున్నాక పాదాల కింద ఇంకో పిల్లవాడు పట్టేంత ఖాళీ! రాత్రంతా పళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. పక్కన పడుకున్న పొడుగాటి మిత్రుడు మాత్రం అలాంటి బ్యాగ్‌లోనే హాయిగా గురక పెట్టాడు. పొద్దున్నే "చిన్న బ్యాగ్ ఉందా సార్?" అని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. ఇచ్చింది తీసుకోవడమే మనకు అలవాటు కదా! వదులైన యూనిఫాం ఇచ్చినా, పొట్టి నిక్కరు ఇచ్చినా సర్దుకుపోయినవాళ్లం.

ఆ చలికి కారణం తర్వాత తెలిసింది. స్లీపింగ్ బ్యాగ్ తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. లోపల ఖాళీ ఎక్కువైతే ఆ గాలినంతా మన ఒళ్లే వెచ్చబెట్టాలి. బ్యాగ్ పొట్టిదైతే పాదాలు, తల లోపలి దూదినో ఈకలనో నొక్కేస్తాయి. నొక్కుకుపోయిన చోట గాలి నిలవదు, అక్కడినుంచే చలి ఎక్కుతుంది. మన బరువుకి వీపు కింది భాగం ఎలాగూ అణిగిపోతుంది కాబట్టి కింద మ్యాట్ తప్పనిసరి.

కాబట్టి తీసుకునే ముందు అందులో దూరి చూడండి. రాత్రి వేసుకునే బట్టలతోనే దూరండి. జిప్పు పూర్తిగా వేసి, తలకు టోపీ భాగం బిగించండి. కాళ్లు చాపితే వేళ్లు చివర గట్టిగా తగలకూడదు, అలాగని జానెడు జానెడు ఖాళీ మిగలకూడదు. పక్కకు తిరిగి మోకాళ్లు కొంచెం ముడవండి. భుజాల దగ్గర, తుంటి దగ్గర బట్ట బిగుసుకుంటే అది మీది కాదు. పాదాల వైపు సన్నబడే మమ్మీ రకం బాగా వెచ్చగా ఉంటుంది. నలుచదరపు రకంలో కదలడం సులువు, కానీ గడ్డకట్టే చలికి అది చాలదు.

బ్యాగ్ మీద ఉండే డిగ్రీల అంకెనూ సరిగ్గా చదవాలి. 'కంఫర్ట్' అన్నది హాయిగా నిద్రపట్టే చలి. 'లిమిట్' అన్నది ముడుచుకుని పడుకుంటే ఓర్చుకోగలిగే చలి. 'ఎక్స్‌ట్రీమ్' అన్నది ప్రాణం దక్కించుకునే హద్దు మాత్రమే, నిద్రకు పనికిరాదు. పైగా ఈ అంకెలు పెద్దవాళ్ల శరీరాన్ని లెక్కలోకి తీసుకుని కట్టినవి. బక్కపలచని ఎనిమిదో తరగతి పిల్లకు అవి అలాగే వర్తిస్తాయని నమ్మకూడదు.

పెద్ద బ్యాగే గతి అయినప్పుడు ఉపాయం ఉంది. చివర మిగిలిన భాగాన్ని కిందికి మడిచి తాడుతో కట్టండి. లేదా పొడి బట్టలు ఆ ఖాళీలో కుక్కండి. ముఖం మాత్రం లోపల దాచుకోకండి. ఊపిరి తేమకు బ్యాగ్ చెమ్మగిల్లుతుంది, ఈకల బ్యాగ్ తడిస్తే వెచ్చదనం పోతుంది.

"అందరికీ ఒకటే సైజు కొంటే సులువు" అంటారు నిర్వాహకులు. కొనేవారికి సులువే, పడుకునేవారికి కాదు. అన్నీ పెద్దవే కొనేబదులు కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి కొంటే ఖర్చేమీ పెద్దగా పెరగదు. శిబిరం దరఖాస్తులో పేరు, తరగతి రాయించుకునేవారు ఎత్తు కూడా రాయించుకుంటే చాలు. వార్డెన్లు, పూర్వ విద్యార్థులు ఈ ఒక్క గడి పెట్టించండి. హాస్టల్‌కు ఏదైనా ఇవ్వాలనుకునే పూర్వ విద్యార్థులు రెండు మూడు చిన్న సైజు బ్యాగులు కొనిచ్చినా ఏటా ఎవరో ఒకరికి పనికొస్తాయి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఉచితంగా ఇచ్చేదానికి కొలత అడగడం గొంతెమ్మ కోరిక కాదు. నేను ఆ పొద్దున అడగలేకపోయి మిగిలిన రాత్రులన్నీ వణికాను. మీరు అడగండి. "సార్, ఇది నాకు పెద్దది, చిన్నది ఇప్పించండి" అని మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి.

— మీ పూర్వ విద్యార్థి