గుడి కట్టాలనుకున్న మా పిల్లోళ్ళకు

నాయనలారా,

నల్లమాడలో మన కాలనీకి ఒక గుడి కావాలని చందా పుస్తకం మొదలుపెట్టారని తెలిసి సంతోషపడ్డాను. నా పేరూ రాసుకోండి. బెంగళూరులో, అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా డబ్బు పంపుతామన్నారట, మంచిదే. అయితే వంక గట్టున జిల్లేడు చెట్లు కొట్టేసి, రాయి నిలబెట్టి, పసుపు పూసి కుంకుమ పెట్టింది ఎవరు? పొద్దున నేను అటు పోయేసరికి రాయి మొదట్లో సిమెంటు ఇంకా ఆరలేదు. "ఒకసారి దేవుణ్ణి నిలబెట్టేస్తే ఎవడు తీస్తాడు తాతా" అని మీలో ఒకడు నాతోనే అన్నాడు. ఈ ఉత్తరం ఆ మాట కోసమే.

ఆ జాగా పోరంబోకు. వాన గట్టిగా పడితే వంక నీళ్ళు పోవాల్సిన దారి. రోడ్ల మీద, పార్కుల్లో, నలుగురూ వాడుకునే స్థలాల్లో గుడిగానీ మసీదుగానీ చర్చిగానీ గురుద్వారాగానీ అనుమతి లేకుండా కొత్తగా కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న చెప్పింది. దేవుడి పేరుతో ఆక్రమిస్తే అడ్డొచ్చేవాడు ఉండడన్న మీ ధీమాను ఆ కోర్టు ఎప్పుడో చూసింది.

ఇంకో సంగతి. అమెరికా నుంచి డబ్బు పంపుతున్న మీ అన్నలను అడగండి, అక్కడ గుళ్ళు ఎట్లా లేచాయో. చికాగో దగ్గర అరోరాలో మనవాళ్ళు వేంకటేశ్వరుడి గుడి కట్టాలనుకున్నారు. 1985లో ఆ ఊళ్ళో పెద్ద చర్చే నడిచింది. విగ్రహాలను పూజించే గుడి మా ఊళ్ళో ఎందుకని కొందరు పత్రికకు ఉత్తరాలు రాశారు. మనవాళ్ళు రాత్రికి రాత్రి రాయి పాతలేదు. ఊరివాళ్ళకు తమ సంగతి చెప్పుకొని, అనుమతి తెచ్చుకొని, కట్టుకున్నారు. 1986లో స్వామి ప్రతిష్ఠ జరిగింది. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్ కొండ మీద గుడి అంతకంటే ముందుది. తిరుమల తిరుపతి దేవస్థానం సాయం చేసింది, ఇక్కడి శిల్పులు పోయి పనిచేశారు. 1977లో కుంభాభిషేకం అయింది. పదిమందిలో ఒకరుగా బతుకుతున్నచోట పక్కింటివాడిని అడిగి కట్టుకున్నవాళ్ళం, సొంతూళ్ళో మనమే ఎక్కువమందిమి కదా అని అడగడం మానేస్తామా? నాకైతే అది చిన్నతనంగా ఉంది.

లేపాక్షి మనకెంత దూరం? అక్కడి గుడిలో కల్యాణ మండపం పైకప్పు లేకుండా స్తంభాలతో నిలబడే ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో ఖజానా చూసే విరూపణ్ణ రాజుకు చెప్పకుండా ఆ సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, రాజు శిక్షిస్తాడని తెలిసి తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడనీ మనవాళ్ళు చెప్పుకుంటారు. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు కూడా. కథ ఎంత నిజమో నాకక్కర్లేదు. అంత భక్తుడిక్కూడా "అడగకుండా చేశాడు" అన్న మాట ఇన్ని వందల ఏళ్ళు వదల్లేదు, అది చూడండి.

ఏం చేయాలంటారా? ఆ రాయి మీరే, మీ చేతుల్తోనే తీసి ఇంట్లో పెట్టుకోండి. ఇంకెవరో తీసే దాకా ఆగితే గొడవ. పట్టా భూమి చూడండి. ఎవరైనా దానం ఇస్తే రిజిస్ట్రేషను ట్రస్టు పేరున చేయించండి, ఏ ఒక్కరి పేరున వద్దు. అన్నదమ్ముల పంపకాల్లోకి గుడి జాగా ఈడ్చినవాళ్ళను నేను చూశాను. కమిటీలో ఎస్సీ కాలనీ వాళ్ళు ఉండాలి. చందాకు పిలిచి, గర్భగుడి ముందు మాత్రం దూరం జరపడం నా ఎదుట కుదరదు. గోపురం ఎత్తు మీద తగవులాడే ముందు, కట్టిన మూడో ఏట రోజూ దీపం పెట్టే పూజారికి జీతం ఎక్కడ్నుంచో ఆలోచించండి. చిన్న గుళ్ళకు ధూప దీప నైవేద్యం పథకం ఉంది, ఎండోమెంట్స్ ఆఫీసులో అడగండి. దాని మీదే ఆధారపడొద్దు.

పంచాయతీలో అర్జీ పెట్టి, గ్రామసభలో నిలబడి చెప్పండి. నేనూ వస్తాను. "మా ఇంటి ముందు వద్దు" అనేవాళ్ళు లేస్తారు. లేచినవాడు దేవుడికి శత్రువు కాడు. వాడి ఇంటి గోడ పక్కనే మీరు మైకు పెట్టబోతున్నారు. పసిబిడ్డ ఉండొచ్చు, పరీక్షకు చదివే పిల్ల ఉండొచ్చు. ఎన్ని గంటలకు మోగుతుంది, ఎంత గట్టిగా, జాతర రోజు ట్రాక్టర్లు ఎక్కడ ఆగుతాయి, అభిషేకం నీళ్ళు ఎవరి వాకిట్లోకి పోతాయి, ఇవన్నీ కాగితం మీద రాసుకుపోండి.

ఈ ఆదివారం సాయంత్రం రండి. మీరు చూసిన పట్టా స్థలం స్కెచ్చు, సర్వే నంబరు తీసుకురండి. ముందు ఆ జాగా చుట్టూ ఉన్న ఇళ్ళకు కలిసి పోదాం. మైకు సంగతి మాత్రం మీరే మాట్లాడాలి. వినాయక చవితికి మీరు పెట్టిన బాక్సులు వాళ్ళింకా మర్చిపోలేదు, నేను హామీ ఇస్తే నమ్మరు.

ఇట్లు,
మీ తాత