కాస్మెటిక్ చార్జీలు, తెల్లబడే క్రీములు, మన చర్మం



చలికాలం వస్తే మన హాస్టళ్లలో పిల్లల మడమలు పగులుతాయి, చేతులు గీస్తే తెల్ల గీతలు పడతాయి. పాడేరు, చింతపల్లి, ఉట్నూరు చలి ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. అయినా మనలో చాలామంది పెట్టెల్లో ముందు కనిపించేది తెల్లబడే క్రీమే. దీని మీద మనం గట్టిగా మాట్లాడుకోవాలి.

ముందు చర్మం సంగతి చూద్దాం. పై పొర ఇటుక గోడ లాంటిది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య అతుకు కొవ్వు. అందులో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. బరువులో దాదాపు సగం సెరమైడ్లే. ఈ అతుకు గట్టిగా ఉంటే ఒంట్లో నీరు బయటికి పోదు, క్రిములు లోపలికి రావు. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, మామూలు సబ్బుది 9 నుంచి 10. బట్టల సబ్బుతో, బాగా వేడి నీళ్లతో రోజూ రుద్దితే అతుకు కరిగిపోతుంది.

సెరమైడ్ క్రీములు ఆ కొవ్వునే బయటి నుంచి అందిస్తాయి. అయితే డబ్బా మీద ఒక్క పేరు చూసి మోసపోవద్దు. మూడు కొవ్వుల్లో ఒక్కటే పూస్తే గోడ కోలుకోవడం ఇంకా ఆలస్యమైందని 1990లలోనే ఎలుకల మీద పరీక్షల్లో తేలింది. మూడూ తగు పాళ్లలో ఉండాలి. అంత ఖరీదు పెట్టలేకపోతే పెట్రోలియం జెల్లీ చాలు. అది నీటిని ఆపుతుంది, కింద చర్మం తన కొవ్వు తానే తయారు చేసుకుంటుంది. స్నానం చేసి ఒళ్లు తడి ఆరకముందే రాయాలి.

మరి మన ఇప్ప నూనె? చర్మాన్ని మెత్తబరుస్తుంది, నిజమే. కానీ అందులో సెరమైడ్లు లేవు, ఒలియిక్ ఆమ్లం ఎక్కువ. ఆ ఆమ్లం అతుకుని వదులు చేయగలదు. కాబట్టి పసిపిల్లలకి, పుండు పడ్డ చోట వద్దు. మనది కదా అని లేని గొప్ప అంటగట్టకూడదు.

అసలు ప్రమాదం స్టెరాయిడ్ కలిసిన క్రీములది. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. సంతల్లో, చిన్న షాపుల్లో అడిగేవాడెవడు? నాలుగు రోజులు మొహం తేటగా కనిపిస్తుంది. లోపల మాత్రం చర్మం పలచబడుతుంది, కొవ్వు తయారీ తగ్గిపోతుంది. అంటే డబ్బిచ్చి మన గోడ మనమే కూల్చుకుంటున్నాం. మన నలుపు మెలనిన్ ఇచ్చిన రంగు. అది ఎండ నుంచి కొంత కాపాడుతుంది కూడా. దాన్ని జబ్బు అని నమ్మించినవాళ్లకే లాభం.

అందుకే మా మాట రెండే. హాస్టల్ కాస్మెటిక్ చార్జీల్లో చలికాలం నాలుగు నెలలూ పెట్రోలియం జెల్లీ, ఒంటి సబ్బు తప్పకుండా ఇవ్వాలని ప్రతి హాస్టల్ నుంచి వార్డెన్‌కి, ఐటీడీఏకి అర్జీ పెడదాం. ఇంకోటి, తమ్ముళ్లు చెల్లెళ్లు వాడే ట్యూబుల మీద క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అనే పేర్లు ఉన్నాయేమో ఈ వారమే చూడండి. ఉంటే, చాన్నాళ్లుగా వాడుతుంటే, ఒక్కసారిగా మానేయకుండా డాక్టరుకి చూపించండి.

జై ఆదివాసీ!