లంకెబిందెల వెఱ్ఱి

దేశదేశములు తిరిగి, చీకటిగుహలు దూఱి, పురాతననిధిని గొనివచ్చు యువసాహసికుని కథ యనిన మన పిల్లలకు చెవికోత. కథగా దానియందు దోషము లేదు. కాని మన నూజివీటి మామిడితోటల సీమలో దానిని నిజమని నమ్మి నడచువారు పెద్దలే! పూత రాలి కాపు తప్పినయేట, అప్పు తీరు దారి గానక యొకడు అంజనము వేయువానిని పిలుచును. వాడు లంకెబిందెలు ఫలానా చోట గలవనును. కోడియో మేకయో బలియగును. వడ్డీకి దెచ్చిన సొమ్ము వానిపాలగును. పాతగుడి పీఠమో, ఊరిచివరి దిబ్బయో రాత్రికి రాత్రి పెల్లగింపబడును.

దాని ఫలమేమి? కృష్ణకు ఆవలియొడ్డున నున్న అమరావతిని జూడుడు. పదునెనిమిదవ శతాబ్ది చివర అచ్చటి దీపాలదిన్నెను రాళ్లకొఱకును నిధికొఱకును త్రవ్విరి. 1797లో చూచిపోయిన కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చునప్పటికి దాని నడుమభాగము చెఱువై యుండెను. మిగిలిన శిల్పములలో అనేకము నేడు చెన్నపట్టణపు మ్యూజియమునను, లండనులోని బ్రిటిషు మ్యూజియమునను ఉన్నవి. కృష్ణాతీరపు పిల్లవాడు తన పూర్వుల చేతిపనిని చూడ సముద్రములు దాటవలసివచ్చెను. మన నిధివేట మనకు మిగిల్చిన దేశాటన మిదియే!

భట్టిప్రోలు స్తూపపు ఇటుకలును రాళ్లును బాటలకు, కాలువపనులకు పోయినవి. అడుగున దక్కిన ధాతుకరండములు 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకములలో బయల్పడినవి. అందు బంగారుపూలు కలవు. కాని వానికంటె విలువైనవి రాతిపెట్టెలపై జెక్కిన బ్రాహ్మీలిపి యక్షరములు. రెండువేల యేండ్లు దాటిన యా వ్రాతలు మన లిపిచరిత్రకు ఆధారములు. నిధివేటగాడే ముందు చేరియుండినచో పూలు కరగియుండును, అక్షరములు పగిలియుండును.

“దరిద్రుడు ఆశపడిన తప్పేమి?” యందురు. దరిద్రునిపై నిజముగా జాలిగలవాడు వానికి అప్పుతీరు మార్గము చూపవలెను గాని, వాని తోటను మాంత్రికునికొఱకు తాకట్టు పెట్టింపరాదు. అంతేకాదు, పదిరూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. దొరకకున్న దివాలా, దొరకి దాచుకొన్న నేరము. ఇందు లాభపడునది అంజనపువా డొక్కడే.

గృహస్థులారా! వానిని గడపలో కాలుపెట్టనీయకుడు. మన ఏలూరు జిల్లాలోనే కామవరపుకోట చెంత గుంటుపల్లి గుహలున్నవి. కొయ్యదూలముల పోలికను రాతిలో దొలిచిన యచ్చటి చైత్యమును సెలవునాడు పిల్లలకు చూపుడు. గడ్డపాఱ తాకనిచోటనే పూర్వుల ధనము మనకు దక్కినదని చెప్పుడు.