గుంత మనది, బోరు పొరుగింటిది

పసిబిడ్డకు డబ్బాపాలు పడుతున్న తల్లులను మేము తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఆ పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారమ్మా?" "మా బోరు నీళ్ళేనండి, బాగా కాచి చల్లారుస్తాం" అన్నది చాలామంది ఇచ్చే జవాబు. కాచడం మంచి అలవాటే. దానితో రోగక్రిములు చస్తాయి. కాని నైట్రేట్లు క్రిములు కావు, లవణాలు. నీళ్ళు మరిగి ఇగిరేకొద్దీ మిగిలిన నీటిలో అవి మరింత చిక్కబడతాయి.

ఆరు నెలల లోపు బిడ్డకు వీటి వల్ల ముప్పు ఎక్కువ. కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి రక్తంలో చేరితే, రక్తం ప్రాణవాయువును మోయలేదు. పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరుగుతాయి. బావి నీటికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డాక్టర్ కామ్లీ వెల్లడించారు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 వార్షిక నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు 20 శాతం ఈ హద్దు దాటాయి. తెలంగాణలో ఇది 27 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతానికి పైగా ఉంది.

ఈ మాట వినగానే అందరూ యూరియాను తప్పుపడతారు. అందులో నిజం ఉంది. కాని మన పెరటి గుంతను ఎవరూ తలచుకోరు. సెప్టిక్ ట్యాంకు మురుగులోని మడ్డిని ఆపుతుంది గాని, అందులోని నత్రజనిని పెద్దగా తగ్గించదు. గాలి ఆడని ట్యాంకులో అది అమ్మోనియాగా ఉంటుంది. బయటకు వచ్చి గాలి ఆడే మట్టిలో ఇంకినప్పుడు అక్కడి బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. బంకమట్టి అమ్మోనియాను పట్టుకోగలదు, నైట్రేటును పట్టుకోలేదు. అది నీటితోపాటే కిందికి దిగిపోతుంది.

ఇక్కడే నేల స్వభావం చూడాలి. ఇసుక నేలలో మురుగునీరు త్వరగా దిగుతుంది, నైట్రేటు తగ్గే వీలు తక్కువ. తడిగా, గాలి ఆడని బంకనేలలో కొంత నైట్రేటు బాక్టీరియా వల్ల వాయువుగా మారి పోతుంది. మట్టి పలుచగా ఉండి కింద పగుళ్ళున్న రాయి ఉంటే, ఆ పగుళ్ళే కాలువలవుతాయి. ట్యాంకు త్వరగా నిండకూడదని అడుగున సిమెంటు వేయకుండా వదిలేసే ఇళ్ళు ఉన్నాయి. అలా ఆదా చేసిన ఖర్చును తరువాత పొరుగింటి బోరు చెల్లిస్తుంది.

మరుగుదొడ్డి వద్దని మేము అనడం లేదు. ఆరుబయటికి వెళ్ళే రోజులు తిరిగి రాకూడదు. గుంత ఎక్కడ తవ్వాలో నిర్ణయించే ముందు నేలను, చుట్టూ ఉన్న బోర్లను చూడాలన్నదే మా అభిప్రాయం. వంద గజాల స్థలంలో దూరం ఎలా పాటిస్తామని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇది ఒక్క ఇంటి పని కాదు, వీధి పని.

నాలుగైదు కుటుంబాలు కలిసి తమ బోరు నీళ్ళను, ఊరి బయట పొలం బోరు నీళ్ళను కూడా పరీక్షకు పంపండి. వేసవి చివర ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయించండి. నైట్రేటుతోపాటు క్లోరైడు కూడా చూడమనండి. మనం తినే ఉప్పు మూత్రంలో పోతుంది కనుక, ఇళ్ళ మధ్య బోర్లలో రెండూ ఎక్కువగా ఉంటే మురుగును అనుమానించాలి. సముద్రతీర ఉప్పునీటి ప్రాంతాల్లో మాత్రం ఈ గుర్తును నమ్మలేము. నివేదికలో "నైట్రేటు" అని ఉంటే హద్దు 45. "నైట్రేటు నత్రజని" అని ఉంటే సుమారు 10. ఈ తేడా అడిగి తెలుసుకోండి.

హద్దు దాటితే ఆ నీళ్ళు బిడ్డకు పట్టవద్దు. పటిక, క్లోరిన్, క్యాండిల్ ఫిల్టరు నైట్రేటును తీయవు. సరిగా పనిచేసే ఆర్.ఓ. యంత్రం తగ్గిస్తుంది. లేదా పరీక్షించిన కుళాయి నీళ్ళు వాడండి. అన్నిటికంటే మేలు ఆరు నెలల వరకు తల్లిపాలే; తల్లి తాగిన నీటిలోని నైట్రేటు చనుబాలలోకి అంతగా చేరదు. బిడ్డ పెదవులు నీలంగా కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. దీనికి మందు ఉంది.

రంగు, వాసన, రుచి నైట్రేటు గుట్టును బయటపెట్టవు. పరీక్షించక ముందే "మా నీళ్ళు తియ్యగా ఉంటాయి" అని నిశ్చింతగా ఉండవద్దని మా మనవి.