నీళ్లలో మునిగినా తగ్గని వేడి

నీళ్లలో ఉన్న వస్తువు చల్లగానే ఉంటుందని మనందరి నమ్మకం. వేలూరు ఎండల్లో పుట్టి పెరిగిన మనకు ఆ నమ్మకం మరికాస్త ఎక్కువ. కానీ గుడియాత్తం చుట్టుపక్కల బోరుబావి ఉన్న ఏ రైతునైనా అడిగి చూడండి. వందల అడుగుల లోతున, నీళ్ల మధ్యనే కూర్చున్న మోటారు కూడా కాలిపోతుందని చెబుతాడు.

బ్యాంకులో పంపుసెట్టు లోన్లు చూసే రోజుల్లో ఒక రైతు వచ్చి, "నీళ్లలోనే గదా సార్ ఉండేది, అదెట్ల కాలిపోతాది?" అని అడిగాడు. లోను వాయిదాలు ఇంకా రెండేళ్లు ఉండగానే మోటారు పోయింది. పైకి తీయడానికి కూలి, కాయిల్ చుట్టించడానికి ఖర్చు, ఈలోగా నీళ్లు లేక వాడిపోతున్న వేరుశనగ. ఆయన అడిగింది సైన్సు ప్రశ్నే గానీ, దాని వెనక ఒక సంసారం ఉంది.

జవాబు మోటారు మెకానిక్కు చెప్పాడు. బోరులో మోటారు అడుగున ఉంటుంది, పంపు దాని పైన. నీళ్లు ఈ రెండింటి మధ్య నుంచి లోపలికి పోతాయి. అలా పోయే నీళ్లు మోటారు ఒంటిని రాసుకుంటూ పైకి వస్తాయి గనుక దాని వేడిని మోసుకుపోతాయి. నీటిమట్టం పడిపోయినా, మోటారు బురదలో కూరుకుపోయినా ఆ ప్రవాహం ఆగిపోతుంది. వేడి పోయే దారి లేక లోపలి తీగలు మాడిపోతాయి.

ఈ మధ్య సముద్రయాన్ గురించి పేపర్లలో చదువుతున్నప్పుడు నాకు ఈ విషయమే గుర్తుకు వచ్చింది. చెన్నై పళ్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది. 1993లో మొదలైన ఈ సంస్థ తయారుచేయించిన రోసబ్ 6000 అనే రోబో 2010లో హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతుకు దిగింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకువెళ్లాలని ఇదే సంస్థ మత్స్య 6000 అనే వాహనాన్ని తయారుచేస్తున్నది. 2025 మొదట్లో చెన్నై దగ్గర కాట్టుపల్లి రేవులో దాన్ని నీళ్లలో దించి పరీక్షించారు.

రోసబ్ లాంటి రోబోకు ఓడ నుంచి కేబుల్ ఉంటుంది. పైన కూర్చున్నవాళ్లు చూసి నడిపిస్తారు. కేబుల్ లేకుండా ఒంటరిగా తిరిగే రోబోల సంగతి వేరు. రేడియో తరంగాలు సముద్రపు నీళ్లలో కొద్ది దూరం కూడా పోలేవు. శబ్దం ద్వారా పంపగలిగే సమాచారం చాలా తక్కువ. కాబట్టి కెమెరా చూసినదాన్ని అర్థం చేసుకుని ఎటు తిరగాలో ఆ రోబోయే నిర్ణయించుకోవాలి. అందుకు దాని కడుపులో అరచేయంత కంప్యూటరు ఒకటి, నీళ్లు చొరని గొట్టంలో బిగించి ఉంటుంది.

కంప్యూటరు తినే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. మన ఇళ్లలో అయితే ఫ్యాను ఆ వేడిని గదిలోకి తోసేస్తుంది. మూసిన గొట్టంలో ఫ్యాను పెడితే అదే వేడిగాలిని అటూ ఇటూ తిప్పుతుందంతే.

బీకాం చదివినవాణ్ణి గనుక లెక్క వేసి చూశాను. కంప్యూటరు 50 వాట్లు తింటుందనుకుందాం, గొట్టంలో 10 లీటర్ల గాలి ఉందనుకుందాం. వేడంతా ఆ గాలికే పోతే, అది ఒక డిగ్రీ పెరగడానికి సెకనులో నాలుగో వంతు కూడా పట్టదు. అదే 10 లీటర్ల నీళ్లయితే ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు 14 నిమిషాలు పడుతుంది. గాలిది చిల్లర డబ్బా, నీళ్లది బ్యాంకు ఖజానా. ఎంత జమచేసినా నీళ్లు తొణకవు.

మరి బయట సముద్రమంతా నీళ్లే కదా, వేడి దానంతట అదే పోదా అనిపిస్తుంది. మధ్యలో గోడ ఉంది. పది మీటర్ల లోతుకు ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. 6,000 మీటర్ల దగ్గర అది 600 రెట్లు. అంత బరువు తట్టుకోవడానికి టైటానియం మిశ్రలోహం వాడతారు. మత్స్య గోళం గోడ మందం 80 మిల్లీమీటర్లు. ఈ మిశ్రలోహం బలమైనదే గానీ వేడిని పంపడంలో మహా పిసినారి. అల్యూమినియం పంపేదాంట్లో ఇరవయ్యో వంతు కూడా పంపదు. గోడలో ఒకే చోట వేడి చేరితే అక్కడే నిలబడిపోతుంది.

అందుకని ఒక ఉపాయం చేస్తారు. చిప్పు మీద రాగి పలక బిగించి, అందులోని సన్నని దారుల గుండా శుద్ధమైన నీళ్లను చిన్న పంపుతో తిప్పుతారు. ఆ నీళ్లు గోడ లోపలి వైపు పొడుగునా పారి, వేడిని ఒక్కచోట కాక గోడంతటా పంచుతాయి. బయట రెండు మూడు డిగ్రీల చలిలో ఉన్న సముద్రం దాన్ని తీసుకుంటుంది. సముద్రపు నీళ్లనే లోపలికి తిప్పితే ఉప్పు లోహాన్ని తినేస్తుంది. ఒక్క చుక్క కారినా కంప్యూటరు పోతుంది.

చలితో ఇంకో చిక్కు కూడా ఉంది. చెన్నై తేమగాలిని లోపలే ఉంచి మూత బిగిస్తే, లోతుకు పోయాక చల్లటి గోడకు మంచుబిందువులు పట్టి సర్క్యూట్ల మీద పడతాయి. అందుకే పొడి నైట్రోజన్ నింపుతారు, లేదా సిలికా జెల్ పొట్లాలు పెడతారు.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున కూడా పనిచేసింది. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్టు 2018లో స్కాట్లండు దగ్గర ఆర్క్‌నీ దీవుల సముద్రంలో 864 సర్వర్లున్న పెద్ద పీపాను ముంచింది. లోపల నైట్రోజన్ నింపి, సముద్రపు నీళ్లను రేడియేటర్ల గుండా తిప్పి చల్లబరిచారు. రెండేళ్లకు పైకి తీసి చూస్తే, నేల మీది సర్వర్లు పాడైనదాంట్లో ఎనిమిదో వంతే పాడయ్యాయి. అయితే ఆ కంపెనీ తర్వాత ఈ ప్రయత్నాన్ని కొనసాగించలేదు.

బోరు ఉన్నవాళ్లకు ఇందులో ఒక సంగతి ఉంది. వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు మోటారు వట్టిగా తిరగకుండా ఆపే డ్రై రన్ పరికరం దొరుకుతుంది. కొత్త మోటారు ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు కొద్దిపాటిదే. వెడల్పాటి బావిలో సబ్‌మర్సిబుల్ దించేవాళ్లు నీళ్లు పక్కదారి పట్టకుండా మోటారు చుట్టూ తొడుగు వేయించాలి. లోనుకు దరఖాస్తు పెట్టేటప్పుడే ఈ రెండింటినీ కొటేషన్‌లో రాయించుకోండి.

ఇక ఇంజనీరింగు చదవాలనుకునే పిల్లలకు ఒక మాట. పళ్లికరణై మనకు అమెరికా అంత దూరం కాదు. పొద్దున గుడియాత్తంలో రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరే.